చీటీ మీద రాసిచ్చిన సేద్యం

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన రైతులు, అక్కలు ఉన్నారు, వెనక అగ్రికల్చర్ చదివే పిల్లలు ఉన్నారు, ఇద్దరికీ కలిపి మాట్లాడటం కష్టమే, రైతులకి తెలిసిందే చెప్తే వాళ్ల పూట పాడు చేసినట్టు, పిల్లలకి తెలియంది చెప్పకపోతే వాళ్లు ఇంత ఎండలో వచ్చి లాభం లేదు. అందుకని ముందే థియరీలోకి పోకుండా ఒక చీటీ గురించి చెప్తా.

1997. నేను తొమ్మిదో తరగతి. మాది వరంగల్ దగ్గర ఊరు, రెండున్నర ఎకరాలు సొంతం, ఎకరంన్నర కౌలు, అంతా పత్తే. ఆ ఏడాది కాలం కలిసి రాలేదు, పడాల్సినప్పుడు వాన పడలేదు, వద్దన్నప్పుడు పట్టుకుని వదల్లేదు, దాని వెనకే లద్దె పురుగు దిగింది. రాత్రి చేను దగ్గరికి పోయి నిలబడితే పురుగు ఆకు తినే చప్పుడు వినపడేది, సన్నగా జల్లు పడుతున్నట్టు. తెల్లారి మా నాయిన ఒక కొమ్మ విరిచి తువ్వాలలో చుట్టుకుని టౌన్‌లో మందుల షాపుకి పోయాడు. షాపు పేరు చెప్పను, అట్లాంటివి అప్పుడు ప్రతి టౌన్‌లో ఉండేవి, ఇప్పుడూ ఉన్నాయి. షాపాయన ఆ కొమ్మని చేతిలోకి కూడా తీసుకోలేదంట, చీటీ తీసి మూడు పేర్లు రాసి, మూడూ కలిపి కొట్టమన్నాడు. పైసలు ఇప్పుడు ఇవ్వక్కర్లేదు, ఉద్దెర, నూటికి నెలకి మూడు రూపాయల మిత్తి, పత్తి తీసినాక మాత్రం ఆయనకే అమ్మాలి, రేటు ఆయన చెప్పిందే.

నాయిన ఇంటికొచ్చి ఆ చీటీ నా చేతికిచ్చి "ఏం మందులో సదువు బిడ్డా" అన్నాడు. ఇంగ్లీషులో ఉంది. కూడబలుక్కుని చదివా. చదివితే ఏమొస్తుంది, అవేంటో నాకూ తెలియదు, ఆయనకీ తెలియదు. నలభై ఏళ్లు మట్టిలో బతికిన మనిషి, మబ్బు చూసి ఎల్లుండి వానని చెప్పగలిగిన మనిషి, తన చేనులో ఏం చెయ్యాలో తెలుసుకోడానికి తొమ్మిదో తరగతి పిల్లగాడిని అడిగి, ఆ పిల్లగాడికీ తెలియకపోతే ఇగ చేసేదేం లేక మూడూ డ్రమ్ములో కలుపుకున్నాడు. ఆ సీజన్‌లో పదిహేను సార్లకి పైనే కొట్టాం. కొట్టిన మర్నాడు సాలెంట పోతే అక్షింతల పురుగులు, తేనెటీగలు, సాలీళ్లు కుప్పలుగా పడి ఉండేవి, లద్దె పురుగు మాత్రం ఆకు వెనక నిక్షేపంగా ఉండేది. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు వందల్లో ప్రాణాలు తీసుకున్నారు, ఇక్కడున్న పెద్దవాళ్లందరికీ గుర్తే, మా ఊళ్లో కూడా ఒకాయన పోయాడు, ఆయన చిన్నకొడుకు నా పక్క బెంచీ.

మన భాషలో ఒక మాట చూడండి. ఒంట్లో బాగోకపోతే వేసుకునేది మందు. చేనుకి కొట్టేదీ మందే. "ఫలానాయన మందు తాగిండంట" అని ఊళ్లో వార్త వస్తే గుండె ఆగిపోయేది కూడా ఆ మాటకే. విషాన్ని మందు అని ఎవరు మొదట అన్నారో తెలియదు గానీ ఆ పేరు పెట్టాక దాని మీద అనుమానం పోయింది, మందు అన్నాక రాసేవాడు డాక్టరే కదా, డాక్టర్‌ని ఎదురు ప్రశ్న ఎవరడుగుతారు.

నేను ఈ రోజు చెప్పాలనుకున్నది ఒకటే. ఇరవై ఏళ్లకి పైగా ఈ పనిలో తిరిగా, కషాయాలు చూశా, కంపోస్టులు చూశా, మీటింగులు లెక్కలేనన్ని. ఆగ్రోఎకాలజీ, అంటే ప్రకృతి లెక్కల్ని పట్టుకుని చేసే సేద్యం అనండి, ప్రకృతి సేద్యం అనండి, ఏ పేరైనా పెట్టుకోండి, అసలు విషయం ఆవు మూత్రంలోనో వేపాకులోనో లేదు. చేనులో ఏం వెయ్యాలి, ఏం కొట్టాలి, ఎప్పుడు అమ్మాలి అనే నిర్ణయం రైతు చేతిలోంచి జారిపోయి చీటీ రాసేవాడి చేతిలోకి పోయింది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడమే అసలు పని. వెనక్కి తెచ్చుకున్న ఊళ్లు మన దగ్గరే ఉన్నాయి కాబట్టి బయట దేశాల సంగతి తక్కువ చెప్తా, మన ఊళ్ల సంగతి ఎక్కువ చెప్తా.

ముందు పురుగు లెక్క. పిల్లలు దీన్ని బుక్‌లో చదువుకుని ఉంటారు గానీ చేనులో ఎట్లా జరుగుద్దో చెప్తా. పురుగుని తినే పురుగులు చేనులో ఎప్పుడూ ఉంటాయి, వాటినే మిత్ర పురుగులు అంటున్నాం. మందు కొడితే రెండూ చస్తాయి, కానీ పైరుని తినే పురుగుకి తిండి చేను నిండా ఉంది, గుడ్లు వందల్లో పెడుద్ది, నెల తిరిగేలోపు మళ్లీ తయారు. దాన్ని తినే పురుగుకి అట్లా కుదరదు, ముందు తిండి పురుగు పెరిగితే గానీ ఇది పెరగదు. అంటే మొదటి స్ప్రేతోనే మనం మన పోలీసుల్ని చంపుకుని దొంగల్ని వదిలినట్టు. రెండోది, మందు తట్టుకుని బతికిన నాలుగు పురుగుల పిల్లలే మళ్లీ చేను నిండుతాయి, వాటికి ఆ డోసు చాలదు. మూడోది మనం అంతగా పట్టించుకోంది, యూరియా. మా దగ్గర పిండి సంచి అంటారు. పిండి ఎక్కువ పడితే ఆకు మెత్తగా, నల్లగా నిగనిగలాడుద్ది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటది, పచ్చదోమకీ పేనుబంకకీ కూడా అట్లాగే కనిపిస్తుంది. పిండి వేసి దోమని పిలిచి, దోమకి మందు కొట్టి, మందుతో మిత్ర పురుగుల్ని చంపి, అప్పుడు కాయతొలిచే పురుగు వస్తే దానికి ఇంకో మందు. ఒక చీటీ ఇంకో చీటీని పుట్టిస్తది.

బీటీ పత్తి, అంటే కాయతొలిచే పురుగుని చంపే గుణం గింజలోనే పెట్టిన పత్తి, 2002లో వచ్చింది. మొదట్లో శనగపచ్చ పురుగుకి స్ప్రేలు తగ్గినయ్, ఆ మాట నిజం, కాదంటే రైతులే ఒప్పుకోరు. కానీ తర్వాత ఏమైంది, గులాబీ రంగు పురుగు దాన్ని తట్టుకోవడం నేర్చుకుంది, రసం పీల్చే పురుగులు ఎక్కువైనయ్, 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందులు కొడుతూ ఆ గాలి పీల్చి ఇరవై మందికి పైగా చనిపోయారు, అదంతా బీటీ పత్తి చేలల్లోనే. గింజ ప్రతి ఏడాదీ కొనాల్సిందే. అంటే చీటీ ఇప్పుడు ప్యాకెట్ లోపలికే వెళ్లిపోయింది.

ఇప్పుడు పునుకుల సంగతి. పాల్వంచ మండలం, అప్పట్లో ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. పత్తి ఊరు, అప్పుల ఊరు, అక్కడా ఇదే కథ, మందు అమ్మేవాడే అప్పిచ్చేవాడు, పత్తి కొనేవాడూ వాడే. 1999లో సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పోయి మందు లేకుండా పత్తి పండిద్దాం అంటే ముందు ఎవరూ నమ్మలేదు, కొద్దిమందే ముందుకొచ్చారు. వేసవి దుక్కి లోతుగా దున్నితే మట్టిలో దాక్కున్న పురుగు కోశాలు బయటపడతయ్, ఎండకి చస్తయ్, కొంగలూ కాకులూ తింటయ్. చేను చుట్టూ ఆముదం, లోపల బంతి, లద్దె పురుగు ముందు ఆముదం ఆకు మీద గుడ్లు పెడుద్ది, ఆ ఆకు తుంచి కాల్చేస్తే అయిపోయె. పసుపు రంగు రేకులకి జిగురు పూసి పెడితే తెల్లదోమ అంటుకుంటది. లింగాకర్షక బుట్టలు, ఆడ పురుగు వాసన చూపించి మగ పురుగుల్ని పట్టేవి. అవన్నీ దాటి వచ్చిన పురుగుకి వేపగింజల కషాయం, మిరపకాయ వెల్లుల్లి కషాయం.

వేపగింజల కషాయం చేయడం నేను మొదటిసారి ఒక పెద్దమ్మ దగ్గర చూశా. ఐదు కిలోల గింజ రోట్లో దంచింది, మరీ మెత్తగా కాదు, రవ్వలాగా, మెత్తగా చేస్తే నూనె విడిపోయి పనికిరాదు అంది. పాత పంచెలో మూటకట్టి పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానేసింది. పొద్దున ఆ మూటని బర్రె పొదుగు పిండినట్టు పిండుతూనే ఉంది, తెల్లగా పాలలాగా దిగింది, చెయ్యి రెండు రోజులు చేదు పోలేదు. అందులో ఇంత సబ్బు నీళ్లు కలిపింది, ఆకుకి పట్టుకోవాలంటే సబ్బు ఉండాలి. ఎకరానికి వంద లీటర్లు చేసి సాయంత్రం పూట కొట్టించింది, ఎండలో కొడితే దాని గుణం పోతదంట. నేను అడిగా, పెద్దమ్మా, పురుగు చస్తదా అని. "చావక్కర్లేదు బిడ్డా, ఆకు తినబుద్ది కాకపోతే సాలు" అంది. ఎంటమాలజీలో యాంటీఫీడెంట్ అని పెద్ద చాప్టర్ ఉంటది, వెనక కూర్చున్న పిల్లలకి తెలుసు. పెద్దమ్మ ఒక్క మాటలో చెప్పేసింది.

పునుకులలో మెల్లమెల్లగా ఊరు ఊరంతా మారింది, 2004 నాటికి పురుగుమందు లేని ఊరుగా ప్రకటించుకున్నారు. అది ఎట్లా నిలబడింది అంటే, మహిళా సంఘాల వల్ల. మగవాళ్లలో కొందరికి మనసు ఊగేది, పక్క చేనాయన కొట్టాడు, మనమూ ఒకసారి కొడితే పోలా అని. మందు డ్రమ్ములో నీళ్లు మోసేది ఆడవాళ్లు, ఆ చేనులోనే పత్తి ఏరేదీ వాళ్లే, తలనొప్పులూ వాంతులూ వాళ్లవే, ఇంట్లో అప్పు లెక్కా వాళ్లకే తెలుసు. వాళ్లు సంఘంలో కూర్చుని, మన ఊళ్లో ఎవరూ కొట్టడానికి లేదు, మందులు అమ్మేవాళ్లు ఊళ్లోకి రావడానికి లేదు అని గట్టిగా నిలబడ్డారు. ఒక్కడి చేనులో మందు మానేస్తే పురుగు పక్క చేనులోంచి వస్తది, ఊరంతా మానేస్తేనే మిత్ర పురుగులు తిరిగొస్తయ్. కాబట్టి ఇది ఒక్కో రైతు సొంతంగా తీసుకునే నిర్ణయం కాదు, ఊరి నిర్ణయం. ఆ తర్వాతే ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల ద్వారా ఎన్‌పీఎం, అంటే పురుగుమందులు లేని సాగు, లక్షల ఎకరాలకి పాకింది. జనగామ వైపు ఏనబావి చిన్న ఊరు, వాళ్లు ఇంకో అడుగు వేసి 2006లో ఎరువులూ వద్దన్నారు.

జహీరాబాద్ వైపు పోదాం. నాకు మనసుకి బాగా దగ్గరైన ప్రాంతం. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, డీడీఎస్ అంటాం, 1983 నుంచి పనిచేస్తోంది, దాన్ని ముందుండి నడిపిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో మన మధ్య నుంచి వెళ్లిపోయారు. అక్కడి సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత మహిళలు, ఒకప్పుడు ఎకరం, రెండెకరాలు, అదీ ఎర్రటి గరప నేల, ఏమీ పండదని బీడు పెట్టిన నేల. అప్పట్లో వాళ్లకి ఎవరూ చీటీ కూడా రాయలేదు, ఎందుకంటే ఆ నేలకి అప్పు ఇచ్చినా తిరిగి రాదని. ఆ నేలలో వాళ్లు ఏం చేశారంటే జొన్న, కంది, కొర్ర, సామ, పెసర, మినుము, అనప, నువ్వు, గట్టు మీద పుంటికూర, ఒక్క చేనులో పన్నెండు, పదిహేను, ఇరవై రకాలు. పెసర రెండు నెలలకే చేతికి వస్తది, కొర్ర, సామ ఆ వెనక, జొన్న తర్వాత, కంది అన్నిటికన్నా చివర్న. వాన ముందు ఎగ్గొడితే ఒకటి పోతది, వెనక ఎగ్గొడితే ఇంకోటి పోతది, అన్నీ ఒకేసారి పోవు. కంది వేరు లోతుకు పోయి నీళ్లు తెస్తది, పప్పుజాతి వేర్ల బుడిపెల్లో సూక్ష్మజీవులు గాల్లో నత్రజని పట్టి నేలకి ఇస్తయ్, జొన్న ఆ నేలని వాడుకుంటది. ఈ పనినే యూరియా ఫ్యాక్టరీలో సహజవాయువు వాడి చేస్తారు. 2022లో యుక్రెయిన్ యుద్ధం వచ్చి గ్యాస్ రేటు ఆకాశానికి పోయినప్పుడు మన దేశంలో ఎరువుల సబ్సిడీ 2022-23లో దాదాపు 2.5 లక్షల కోట్ల రూపాయలకి చేరింది. మన చేనులో పిండి సంచి ఎక్కడో జరిగే యుద్ధం మీద ఆధారపడి ఉంది అంటే ఆ చీటీ ఎంత దూరం నుంచి రాస్తున్నారో చూడండి.

జహీరాబాద్ నల్లరేగడిలో రబీలో వేసే జొన్న, శనగ, కుసుమ, అవిసె, వీటికి వాన లేదు, బోరు లేదు, నేలలో మిగిలిన తడితో, మంచుతో పండుతయ్. ఆ అక్కలు వాటిని సత్యం పంటలు అంటారు. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఇంటి అటక మీద పేడతో అలికిన వెదురు గంపలు ఉంటయ్, లోపల బూడిద, వేపాకు, మధ్యలో విత్తనం. ఒక అక్క ఆ గంప దించి దోసిట్లో సామలు పోసుకుని చూపించింది, "ఇది మా అత్త ఇచ్చింది, ఎవరికైనా ఇస్తా, అమ్మను" అంది. విత్తనం తీసుకున్నవాళ్లు పంట వచ్చాక ఇంకొంచెం కలిపి తిరిగిస్తారు. సంక్రాంతి టైంకి మొదలుపెట్టి ఎడ్లబండ్ల మీద ఈ విత్తనాలన్నీ పెట్టుకుని ఊరూరా తిరుగుతారు, పాత పంటల జాతర అంటారు, నెల రోజులు సాగుతది. మాచ్‌నూర్‌లో వాళ్లకి సొంత రేడియో ఉంది, సంఘం రేడియో, 2008లో మొదలైంది. 1990ల్లోనే సొంత రేషన్ వ్యవస్థ నడిపారు, బీడు నేలలు సాగుకి తెచ్చి ఆ జొన్నలే ఊళ్లో పేదలకి తక్కువ ధరకి పంచారు, ఎవరు ఎంత పేదో కూడా ఊళ్లో అందరి ముందూ కూర్చుని వాళ్లే తేల్చారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

ఇక్కడ కలుపు గురించి ఒక మాట, ఎందుకంటే ఇది ఎక్కడా రాయరు. వాళ్ల చేనులో ఎవరూ వెయ్యకుండానే మొలిచే కూరలు ఉంటయ్, తుమ్మికూర, దొగ్గలికూర, గునుగు, జొన్నచెంచలి, వానాకాలం రెండు నెలలు ఆ ఇళ్లల్లో కూర అదే, గర్భిణులకి, పసిపిల్లల తల్లులకి ప్రత్యేకంగా ఏరి పెట్టే కూరలూ ఉన్నయ్. కలుపు మందు కొట్టేవాడికి అవన్నీ ఒకటే, కలుపు. ఒక్క స్ప్రేతో పోతయ్. ఆ ఇంటి పొయ్యి మీద ఏం తగ్గిందో ఏ రికార్డులోనూ ఎక్కదు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్నకి వస్తా. ఇట్లా చేస్తే దేశానికి తిండి ఎక్కడిది అని. న్యాయమైన ప్రశ్న, దాన్ని తోసిపుచ్చడం తప్పు. 1960ల్లో ఓడలు వస్తే గానీ గోధుమలు లేని రోజులు మన పెద్దవాళ్లు చూశారు, హరిత విప్లవం గింజ పెంచింది, అందులో సందేహం లేదు. కానీ దిగుబడిని ఎట్లా కొలుస్తున్నాం, ఎకరానికి వడ్లు ఎన్ని బస్తాలు, పత్తి ఎన్ని క్వింటాళ్లు అని ఒక్క పంటనే కొలుస్తున్నాం. ఆ జహీరాబాద్ ఎకరంలో జొన్న ఒక్కటే తూస్తే తక్కువే, జొన్న ప్లస్ కంది ప్లస్ పెసర ప్లస్ కూర ప్లస్ ఎడ్లకి చొప్ప తూస్తే అప్పుడు మాట్లాడుకుందాం. పైగా 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, నూటికి 86 మంది చిన్న, సన్నకారు రైతులే. వీళ్లని పక్కన పెట్టి దేశాన్ని ఎవరు పోషిస్తారు? సేద్యం వీళ్లకి సరిపోయేటట్టు ఉండాలి గానీ, వీళ్లని తీసేసి పెద్ద మెషీన్లకి సరిపోయేటట్టు కాదు.

మొదటి ఏడాది దిగుబడి తగ్గదా అంటే, కొన్ని పంటల్లో, పిండి బాగా అలవాటు పడ్డ నేలలో, తగ్గుద్ది. నేను చూసినంతలో మిరపలో ఇది బాగా కష్టం. ఏమీ తగ్గదు అని స్టేజీ మీద చెప్పి రైతుని దింపడం మోసం, అట్లా దిగి దెబ్బతిన్న రైతు పదేళ్లు ఈ వైపు చూడడు. ఖర్చు తగ్గుద్ది, అప్పు తగ్గుద్ది, రెండు మూడేళ్లలో నేల తిరుగుతది. అందుకే మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది, మొత్తం చేను మార్చొద్దు, ఒక మూల అర ఎకరం పెట్టు, నీ కళ్లతో చూడు, నువ్వే తేల్చుకో.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం పెద్ద ఎత్తున నడుస్తోంది, టి. విజయ్ కుమార్ గారు దాన్ని నడిపిస్తున్నారు, మొదట్లో సుభాష్ పాలేకర్ గారి పెట్టుబడి లేని సేద్యం పద్ధతితో మొదలైంది, తర్వాత రైతులు తమ నేలల్లో చేసుకుంటూ చాలా మార్చారు. 2024లో పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ ప్రైజ్ దీనికి వచ్చింది, శాస్త్రవేత్త రతన్ లాల్ గారితో, ఈజిప్టు సెకెమ్ సంస్థతో కలిపి. ప్రైజు సంగతి అట్లా ఉంచండి, నాకు నచ్చింది అనంతపురం వైపు చూసిన పని. అక్కడ ఏప్రిల్, మే నెలల్లో, నేల నెర్రెలు బారి ఉన్నప్పుడు, విత్తుతారు. వినడానికి పిచ్చిగా ఉంటది. పదిహేను నుంచి ముప్ఫై రకాల విత్తనాలకి బంకమట్టి, ఘనజీవామృతం, అంటే పేడ, బెల్లం, పప్పు పిండి కలిపి చేసే ఎరువు, బూడిద పొరలు పొరలుగా పట్టించి ఉండలు చేసి, పొడి దుక్కిలో చల్లి, పైన వేరుశనగ పొట్టో చెత్తో ఏదుంటే అది కప్పుతారు. ఎప్పుడో పడే ఒక చిన్న జల్లు చాలు, మొలుస్తది, జూన్ వచ్చేసరికి నేల పచ్చగా కప్పి ఉంటది, పశువులకి మేత, నేలకి నీడ, ఆ మీద అసలు పంట. ఏడాదిలో నేల ఎక్కువ రోజులు పచ్చగా ఉంటే మట్టిలో జీవం బతికి ఉంటది, వాన చినుకు పారిపోకుండా ఇంకుద్ది. ఎండలో విత్తడం మన పెద్దలకి కొత్త కాదు, పొడి విత్తు అని ఉండేది, దానికి ఇంకా నేర్పు జోడించారు. ఇది నేర్పించేది ఆఫీసర్లు కాదు, తన చేనులో చేసి చూపించిన రైతు పక్క ఊరి రైతుకి నేర్పుతాడు. క్యూబాలో 1990ల్లో సోవియట్ నుంచి ఎరువులు ఆగిపోయినప్పుడు కూడా ఇట్లాగే రైతు నుంచి రైతుకి పాకింది.

శ్రీలంక సంగతి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి నేనే చెప్తా. 2021 ఏప్రిల్‌లో అక్కడి అధ్యక్షుడు రసాయన ఎరువులు, మందులు ఇగ దేశంలోకి రావు అని ఒక్కసారిగా ప్రకటించాడు. రైతుని అడగలేదు, నేర్పలేదు, కంపోస్టు తయారు లేదు. వరి పడిపోయింది, తేయాకు పడిపోయింది, నవంబరుకల్లా వెనక్కి తీసుకున్నారు. చూశారా ప్రకృతి సేద్యం దండగ అని దాన్ని చూపించి అంటారు. నాకు అందులో కనపడేది ఇంకోటి, అది కూడా చీటీయే. మందు కొట్టు అని రాసిన చీటీ చింపి, మందు కొట్టొద్దు అని రాసిన చీటీ ఇచ్చారు. పునుకులలో ఊరు కూర్చుని తేల్చుకోడానికి ఐదేళ్లు పట్టింది, అక్కడ ఐదేళ్ల పని ఒక జీవోతో అవుతుందనుకున్నారు.

మన ప్రభుత్వాలకీ ఈ రోగం ఉంది. టార్గెట్లు పెడతారు, ఇన్ని ఎకరాలు, ఇంతమంది రైతులు, కింద మనిషి రిజిస్టర్ నింపుతాడు. ఒక పక్క ప్రకృతి వ్యవసాయం అని బోర్డు, ఇంకో పక్క సబ్సిడీ అంతా పిండి సంచికి, రేషన్లో దొరికేది ఎక్కువగా బియ్యమే, కొనుగోలు కేంద్రం వడ్లకి ఉంటది, కొర్రలకి ఉండదు. కొర్ర పండించిన రైతు ఎక్కడ అమ్ముకోవాలి? సిటీలో కిలో కొర్రబియ్యం సూపర్ మార్కెట్లో వంద దాటి అమ్ముతున్నారు, రైతుకి వచ్చేది అందులో చారెడు. హాస్టళ్లలో, అంగన్‌వాడీల్లో వారానికి రెండు పూటలు ఆ జిల్లాలో పండిన జొన్న, కొర్ర పెట్టమనండి, కలెక్టర్ తలుచుకుంటే జరిగే పని ఇది.

దీనికన్నా పెద్ద ముల్లు కౌలు. ఇక్కడ ఎంతమంది కౌలు రైతులు ఉన్నారు, చేతులెత్తండి. చూడండి, సగం పైనే. కాగితం ఉందా ఎవరికన్నా? నోటి మాటే కదా. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదారుకి గుర్తింపు కార్డు ఇచ్చే చట్టం వచ్చింది, భూమి పోతుందేమో అని ఓనర్లు భయపడి చాలాచోట్ల ఒప్పుకోలేదు. వచ్చే ఏడాది ఈ నేల నాదో కాదో తెలియని మనిషిని, మట్టిలో జీవం పెంచు, మూడేళ్లు ఓపిక పట్టు అని ఎట్లా అడుగుతాం? మా నాయిన మా ఎకరంన్నర కౌలు నేలలో ఒక్క బండి పెంట కూడా తోలలేదు, ఉన్న పెంటంతా సొంత చేనుకే, అప్పుడు నాకు అర్థం కాలేదు. పెంట బలం మూడేళ్లు ఉంటది, కౌలు ఒక్క ఏడాదే. కౌలు రైతుకి మూడు నాలుగేళ్ల భరోసా లేకుండా ప్రకృతి సేద్యం గురించి ఎంత మాట్లాడినా అది సొంత భూమి ఉన్నోళ్ల వరకే ఆగిపోతది, ఇది నేను ఎక్కడికి పోయినా చెప్తా, కొందరికి నచ్చదు, అయినా చెప్తా.

ఆడవాళ్ల పని కూడా. కషాయం దంచేది, పేడ మోసేది, చేత్తో కలుపు తీసేది ఎవరు? మందు ఖర్చు తగ్గింది అని మగాయన సంతోషపడితే ఆ తగ్గిన ఖర్చు ఆమె నడుం మీద పడి ఉండొచ్చు. పాల్వంచ వైపు, వరంగల్ వైపు సంఘాలు ఊళ్లోనే చిన్న షాపు పెట్టి, వేపగింజ మిల్లులో పట్టించి పొడి అమ్మితే ఆ భారం తగ్గింది, షాపు ఆదాయం కూడా సంఘానికే. గుంటక, వీడర్ లాంటి చిన్న పనిముట్లు ఇంజనీరింగ్ పిల్లలు చెయ్యాలి, ఆడవాళ్ల ఎత్తుకి, చేతికి సరిపోయేటట్టు. ఇక్కడ ఎవరన్నా ఉంటే మీటింగ్ అయ్యాక నన్ను కలవండి, ఏ ఊళ్లో ఏం కావాలో నేను చెప్తా.

మా నాయిన ఇప్పుడు లేడు. మా చేను మా చిన్నాయిన కొడుకు చేస్తున్నాడు, నాకన్నా పదేళ్లు చిన్న, ఇంటర్ ఫెయిల్. నాలుగేళ్లుగా పత్తిలో కంది, బొబ్బర, చుట్టూ జొన్న వేస్తున్నాడు. పోయిన ఆగస్టులో పోయా. ఒక పత్తి ఆకు మీద నల్లగా, మీద ఎర్ర మచ్చలతో చిన్న మొసలి పిల్లలాగా పురుగు పాకుతోంది, నా చెయ్యి దానంతట అదే దాన్ని నలపబోయింది. వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. "అన్నా ఆగు, అది అక్షింతల పురుగు పిల్ల, దినాం ఎన్ని పేనులు తింటదో తెల్వదు నీకు" అన్నాడు. ఆకు తిప్పి చూపించాడు, ఆకు వెనక పేనుబంక సగం తుడిచేసినట్టు ఉంది. "ఇంకో నాలుగు రోజులు సూస్త, గప్పటికి తగ్గకపోతే కషాయం" అన్నాడు. నాలుగు రోజులు ఎందుకు, ఐదు కాదు అని అడిగితే, మబ్బు ఉంది, రేపు ఎల్లుండి వాన పడితే పేను దానంతట అదే కడుక్కుపోతది అన్నాడు. వాడి జేబులో చీటీ లేదు.

రోహిణి కార్తె నడుస్తోంది, మృగశిర ఎంతో దూరం లేదు. వేపపండ్లు రాలే రోజులు ఇవే మొదలు, జూన్ అంతా రాలుతయ్, రోడ్ల పక్కన, స్కూళ్లల్లో, గుళ్ల దగ్గర ఊరికే తొక్కుకుంటూ పోతాం. పండు తొక్క తీసి, కడిగి, నీడలో ఆరబెట్టాలి, ఎండలో కాదు, బూజు పట్టకుండా గోనెసంచిలో పెట్టాలి, ప్లాస్టిక్‌లో వద్దు. ఎకరానికి ఒక విడత కొట్టాలంటే ఐదు కిలోలు, సీజన్‌కి రెండు మూడు విడతలు అనుకోండి. కాలేజీ పిల్లలు ఈ క్యాంపస్‌లోనే ఎన్ని వేపచెట్లు ఉన్నాయో లెక్కపెట్టండి, ఈ ముందు కూర్చున్న అక్కల ఊళ్లకి సరిపోను మీరే ఏరొచ్చు. బయట టేబుల్ మీద కంది, కొర్ర, అనప, ఆముదం విత్తనం పెట్టాం, ఒక్కో ఇంటికి ఒక శేరు, డబ్బులు వద్దు, సంక్రాంతికి శేరుంపావు తిరిగి ఇవ్వాలి, పేరు, ఊరు రాసి తీసుకుపోండి.